మంచి నౌకరికి తొవ్వ: మన ప్రాంతంలో నూరేళ్ల ముచ్చట

పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చిన ప్రతిసారీ నన్ను ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. "మా పిల్లగాడు ఏ కోర్సు చదివితే మంచి జీతం వస్తది?" అడిగేవారిలో నాతో చదువుకున్నవారు ఉంటారు, ఇప్పుడు బడిలో చదువుతున్న పిల్లల తల్లిదండ్రులూ ఉంటారు. నేను ఇంజినీరును కాబట్టి ఒక్క ముక్కలో జవాబు చెబుతానని వారి ఆశ. నా దగ్గర అలాంటి ముక్క లేదు. కానీ గోదావరికి ఇవతల పాత కరీంనగర్ జిల్లాలో, అవతల పాత ఆదిలాబాద్ జిల్లాలో మంచి నౌకరి అనేది ఎప్పుడెప్పుడు ఏ రూపంలో వచ్చింది, ఎవరికి దక్కింది, ఎలా దక్కింది అనే సంగతి కొంత తెలుసు. ఈ స్వర్ణోత్సవ సంచికలో అదే రాస్తున్నాను. జవాబు అందులోనే ఉందని నా నమ్మకం.

బాయి మీద నౌకరి

మన ప్రాంతపు జీతాల చరిత్ర బొగ్గుతో మొదలవుతుంది. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1920ల చివర్లో బెల్లంపల్లిలో గనులు తెరిచారు. 1929లో కాజీపేట, బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. ఢిల్లీ, మద్రాసు మధ్య నేరుగా రైలు నడవడం ఆ మార్గంతోనే సాధ్యమైంది. ఆ పట్టాల పక్కనే కాగజ్‌నగర్, బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం పెరిగాయి. మన గోదావరిఖని గనులు 1960ల మొదట్లో వచ్చాయి.

ఈనాటి పిల్లలు నమ్మకపోవచ్చు గానీ, మొదట్లో బాయి పని మంచి నౌకరి కాదు. ఊళ్లో భూమి లేనివాడు, వెట్టి భరించలేనివాడు, కరువుకు తట్టుకోలేనివాడు బాయి తొవ్వ పట్టాడు. ఫిల్లర్‌గా చేరినవాడికి నింపిన టబ్బును బట్టే కూలి. చదువు అడిగేవాడు లేడు. ఒంట్లో బలం ఉందా, చీకట్లో భయం లేకుండా దిగుతాడా అన్నదే అర్హత. బాయి పనివాడికి పిల్లనివ్వడానికి వెనకాడిన ఊళ్ల సంగతి మన పెద్దలు చెప్పగా విన్నవాళ్లమే.

ఆ పని మంచి నౌకరిగా మారింది ఒక రోజులో కాదు, ఒకరి దయతోనూ కాదు. కార్మిక సంఘాల ఒత్తిడి మీద కేంద్రం వేసిన వేజ్ బోర్డు సిఫారసులు 1967 ఆగస్టు 15 నుంచి అమలులోకి వచ్చాయి. 1975 జనవరి 1 నుంచి మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం వచ్చింది. దాంతో దేశంలోని ప్రభుత్వ బొగ్గు గనులన్నిటికీ ఒకే తీరు జీతాలు, కరువు భత్యం, క్వార్టరు, ఆసుపత్రి ఏర్పడ్డాయి. పదేళ్లు తిరిగేసరికి సంబంధాలు చూసేవారు "పిల్లగాడు బాయి మీద చేస్తడు" అని గొప్పగా చెప్పుకునే రోజు వచ్చింది. పని అదే, చీకటీ అదే. మారింది దాని వెనుక ఉన్న ఒప్పందం. జీతం అనేది పని కష్టాన్ని బట్టి దానంతట అది రాదనీ, ఆ పని చేసేవారి బేరమాడే శక్తిని బట్టి వస్తుందనీ మన ప్రాంతం నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

మా బాపు 1960ల చివర్లో బదిలీ ఫిల్లర్‌గా చేరాడు. బదిలీ అంటే రోజూ పని దొరకదు. ఎవరైనా నాగా పెడితే ఆ స్థానంలో దిగాలి. భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు పడితే పర్మనెంట్ కావడానికి దారి దొరికేది. జ్వరమొచ్చినా మస్టరు పోగొట్టుకోవద్దని వెళ్లేవారు. 190 అనే అంకెకు మా వాడలో ఉన్న విలువ మరే అంకెకూ లేదు.

బాయిలోనే ఇంకో తొవ్వ కూడా ఉండేది. దాన్ని చాలామంది గమనించలేదు. గనుల చట్టం ప్రకారం గనిలో కొన్ని పనులు సర్టిఫికెట్ ఉన్నవారే చేయాలి. గ్యాస్ టెస్టింగ్, ప్రథమ చికిత్స, మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్, సెకండ్ క్లాస్ మేనేజర్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ అని మెట్లు. పరీక్షలు పెట్టేది ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్. ఫిల్లర్‌గా దిగినవాడు అనుభవం చూపి, చదువుకుని, పరీక్ష రాసి సర్దార్ కావచ్చు, ఓవర్‌మన్ కావచ్చు. అలా ఎక్కినవారు మన మధ్యే ఉన్నారు. కానీ ఆ పరీక్ష రాయాలంటే చదవడం, రాయడం రావాలి. మా బాపుకు అనుభవం ఉంది, ధైర్యం ఉంది, అక్షరం లేదు. నన్ను బడికి పంపడంలో ఆయన పట్టుదలకు కారణం అదేనని నాకు తర్వాత తెలిసింది.

భూమి ఇచ్చినవారు, పరీక్ష రాసినవారు

బొగ్గు ఉంది, గోదావరి నీళ్లున్నాయి, రైలుంది. దాంతో ఫ్యాక్టరీలు వచ్చాయి. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు నిజాం కాలంలోనే, 1942లో కాగితం తీయడం మొదలుపెట్టింది. మంచిర్యాలలో, బసంత్‌నగర్‌లో సిమెంటు వచ్చింది. రామగుండంలో 1971లో 62.5 మెగావాట్ల థర్మల్ స్టేషన్, 1980లో ఎరువుల కర్మాగారం వచ్చాయి. బొగ్గు నుంచి యూరియా తయారు చేయడానికి దేశంలో కట్టినవి రెండే ఫ్యాక్టరీలు, ఒకటి మనది, రెండోది ఒరిస్సాలోని తాల్చేరు. 1978 నవంబరు 14న ప్రధాని మొరార్జీ దేశాయి ఎన్టీపీసీకి శంకుస్థాపన చేశారు. 1983లో తొలి 200 మెగావాట్ల యూనిట్ నడిచింది. మూడు 200, నాలుగు 500 మెగావాట్ల యూనిట్లతో 2004 నాటికి అది 2,600 మెగావాట్లకు చేరింది.

ఈ కర్మాగారాల్లో నౌకరికి రెండు గేట్లు ఉండేవి. ఒకటి భూమి గేటు. పొలం, ఇల్లు పోగొట్టుకున్న కుటుంబానికి ఒక ఉద్యోగం అనేది ఆనాటి మాట. ఆ గేటు గుండా వెళ్లినవారికి చదువును బట్టి ఎక్కువగా కింది స్థాయి పనులు దక్కాయి. రెండోది పరీక్ష గేటు. ఇంజినీరు ట్రెయినీలను దేశమంతా నోటిఫికేషన్ వేసి, రాత పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి తీసుకున్నారు. దాని గుండా బెంగాల్ నుంచి, కేరళ నుంచి, కోస్తా నుంచి వచ్చారు. మన ఊళ్ల పిల్లలు చాలా తక్కువ.

తెలివి తక్కువై కాదు. ఆ పరీక్ష ఒకటుందని చెప్పేవారు లేరు. చిమ్నీ మన కంటికి కనబడుతుంది, దాని కింద కంట్రోల్ రూములో కూర్చునేవాడు ఏం చదివి అక్కడికి వచ్చాడో కనబడదు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు చిమ్నీల పొగను బట్టి ఎన్ని యూనిట్లు నడుస్తున్నాయో చెప్పగలిగేవాణ్ణి. బాయిలర్ ఇంజినీరు కావాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో మాత్రం చెప్పలేకపోయేవాణ్ణి.

తండ్రి నౌకరి కొడుక్కు

మూడో తొవ్వ వారసత్వం. ఇది మనకు కొత్త కాదు. ఊళ్లో పటేల్, పట్వారీ పదవులు తండ్రి నుంచి కొడుక్కు వచ్చేవి. రాజ్యాంగం వచ్చాక ఈ పద్ధతి కోర్టుకెక్కింది. గుంటూరు ప్రాంతం నుంచి వెళ్లిన ఒక కేసులో, గ్రామ మున్సబు పదవి వంశాన్ని బట్టి ఇవ్వడం ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశానికి విరుద్ధమని 1960లో సుప్రీంకోర్టు తేల్చింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది.

బాయి నౌకరి వారసత్వం సంగతి వేరు. వేతన ఒప్పందంలోని 9.3, 9.4 క్లాజుల ప్రకారం కార్మికుడు చనిపోయినా, మెడికల్ అన్‌ఫిట్ అయినా ఆ ఇంట్లో ఒకరికి పని ఇవ్వాలి. ప్రమాదం పొంచి ఉన్న పనిలో అది ఇంటికి భరోసా. మన క్లాసులో ఆ దారిన బాయిలో చేరిన మిత్రులు ఎంతమందో మీకు తెలుసు. ఇంటి పెద్ద పోయిన దుఃఖం ఆరకముందే ఆ పెద్ద టోకెన్ నంబరు స్థానంలో తమ పేరు రాయించుకున్నారు. వారి నౌకరిని తేలిగ్గా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

తర్వాత రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ కార్మికుడు తన నౌకరిని కొడుక్కు ఇచ్చే పథకం కావాలని ఉద్యమం నడిచింది. 2016లో యాజమాన్యం ఒప్పుకుంది. 2017లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. బయట చదువుకుని ఎదురుచూస్తున్న నిరుద్యోగికి సమాన అవకాశం ఎక్కడిదన్నది ప్రశ్న. తర్వాత అన్‌ఫిట్ అయినవారి పిల్లలకు కారుణ్య నియామకాల పేరిట దారి తెరుచుకుంది. ఈ వివాదంలో రెండు వైపులా మన బడి పిల్లలే ఉన్నారు. క్వార్టరులో పెరిగినవాడు ఒక వైపు, ఊరి నుంచి సైకిలు మీద వచ్చి డిగ్రీ చదివినవాడు మరో వైపు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఉన్న నౌకర్లే తక్కువైనప్పుడు న్యాయానికి న్యాయమే అడ్డం వస్తుంది.

ఆడపిల్లల సంగతి ఇంకా చెప్పాలి. 1952 గనుల చట్టంలోని 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భ గనిలోకి పంపకూడదంది. అందువల్ల తండ్రి పోయిన ఇంట్లో ఆడపిల్లే పెద్దదైతే ఆమెకు ఉపరితలంలో దొరికే కొద్ది పనులో, నెలనెలా వచ్చే పరిహారమో మిగిలేది. 2019 జనవరిలో కేంద్రం నిబంధనలు సడలించాక స్త్రీలు భూగర్భంలో సాంకేతిక, పర్యవేక్షణ పనులు చేసే వీలు కలిగింది. మన తరగతిలో లెక్కల్లో నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న ఆడపిల్లలు ఉండేవారు. వారికి ఆ తలుపు ముప్పై ఏళ్లు ఆలస్యంగా తెరుచుకుంది.

కార్డు, పేపరు ప్రకటన

మా తరంలో పదో తరగతి పాసు కాగానే చేసే మొదటి పని ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకోవడం. కార్డు రెన్యువల్ మరిచిపోతే సీనియారిటీ పోతుందని ఇంట్లో దాన్ని భూమి పట్టాతో పాటు ట్రంకు పెట్టెలో దాచేవారు. 1959 చట్టం ప్రకారం యాజమాన్యాలు ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలపాల్సి ఉండేది. చాలా చోట్ల ఎక్స్ఛేంజి పంపిన పేర్ల నుంచే తీసుకునేవారు. 1996లో మచిలీపట్నం ఎక్సైజ్ శాఖకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పంపినవారికే పరిమితం కాకుండా పత్రికల్లో ప్రకటించి అర్హులందరినీ పరిశీలించాలని చెప్పింది.

ఆ తీర్పుతో కార్డు విలువ తగ్గింది, పత్రిక విలువ పెరిగింది. వరుసలో ఓపికగా నిలబడేవాడి కాలం పోయి, ప్రకటన ముందుగా చదివేవాడి కాలం వచ్చింది. ఇది మంచి మార్పే. అయితే పత్రిక రాని ఇంటికి ఈ మార్పు చేరడానికి పదేళ్లు పట్టింది.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో మరో రక్షణ ఉండేది. 1969 ఉద్యమం తర్వాత, 1973 ఆరు సూత్రాల పథకం మీదుగా, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం కలిపి ఐదో జోన్. స్థానికులకు ఇంత వాటా అని నిర్ణయమైంది. కేంద్ర సంస్థల ఇంజినీరు పోస్టులకు ఆ లెక్క వర్తించదు. అక్కడ పరీక్ష ఒక్కటే.

ఎంసెట్ తలుపు

ఇంజినీరు కావాలంటే మన వైపు వారికి దగ్గరి కాలేజీ వరంగల్ ఆర్ఈసీ. 1959 అక్టోబరు 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ వరుసలో అదే మొదటిది. మన పక్కనే ఉన్నా, చాలాకాలం మన పిల్లలు అందులో కొద్దిమందే. 1980ల్లో ఎంసెట్ వచ్చింది. ఎవరి కొడుకు, ఏ ఊరు అని అడగకుండా ర్యాంకు అడిగింది. ఉస్మానియా పరిధిలో 85 శాతం సీట్లు స్థానికులకన్న నిబంధన ఉండటంతో తెలంగాణ జిల్లాల పిల్లలకు కొంత ధైర్యం వచ్చింది.

నేను ఆ తలుపు గుండా వచ్చినవాణ్ణే. నా తెలివి వల్ల వచ్చానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. మా సైన్సు సారు రోజూ పేపరు చదివి, పనికొచ్చే ప్రకటనలు కత్తిరించి స్టాఫ్ రూము తలుపుకు అంటించేవారు. పాలిటెక్నిక్ ఎంట్రెన్సు, ఐటీఐ అప్రెంటిస్, రైల్వే, ఎంసెట్ అన్నీ ఆ తలుపు మీదే చూశాం. లెక్కల సారు సెలవుల్లో మమ్మల్ని నలుగురిని కూర్చోబెట్టి పాత పేపర్లు చేయించేవారు. ఫీజు అడగలేదు. ఆ నలుగురిలో ఇద్దరం ఇంజినీర్లమయ్యాం. ఒకరు పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో చేరారు. ఇంకొకరు టీచరయ్యారు. ఈ రోజు కోచింగులకు లక్షలు పోస్తున్న తల్లిదండ్రులను చూసినప్పుడల్లా ఆ స్టాఫ్ రూము తలుపు గుర్తొస్తుంది.

బడి స్థాయిలో చేసిన మేలు ఎంత దూరం పోతుందో చెప్పడానికి మన జిల్లా నుంచే ఒక పేరుంది. వంగర పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. పేద పిల్లల్లో చురుకైనవారిని ఏరి, తిండి, బస, చదువు ఇస్తే ఎక్కడిదాకా పోతారో అది చూపింది. 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి మార్కులతోనే అందులో ఆరేళ్ల ఇంజినీరింగ్ కోర్సులో చేర్చుకుంటారు. ప్రభుత్వ, జిల్లా పరిషత్ బళ్లలో చదివినవారికి అదనపు ప్రాధాన్యం ఇస్తారు. ఈ ప్రాధాన్యం సంగతి మన ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రుల్లో ఎందరికి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

గల్ఫ్, అమీర్‌పేట, అమెరికా

బాయి దొరకనివారికి, పరీక్ష అందనివారికి గల్ఫ్ దారి అయింది. 1973లో చమురు ధరలు పెరిగాక ఆ దేశాల్లో కట్టడాలు జోరందుకున్నాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి ఇంటికొకరు వెళ్లారు. 1983లో వలస చట్టం వచ్చింది, ఏజెంట్లకు లైసెన్సు పెట్టింది. అయినా లైసెన్సు లేని ఏజెంటు చేతిలో అప్పు తెచ్చిన పైసలు పోసి బొంబాయి నుంచే తిరిగొచ్చిన మిత్రుడు మన బ్యాచ్‌లోనే ఉన్నాడు. పదో తరగతి మెమో ఉంటే పాస్‌పోర్టులో ఇమిగ్రేషన్ తనిఖీ ముద్ర ఉండదు. ఎలక్ట్రీషియన్‌గా, వెల్డర్‌గా ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడికీ ఏమీ లేకుండా వెళ్లినవాడికీ జీతంలో తేడా చాలా ఉంటుంది.

1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. వై2కె పనులకు అమెరికాలో మనుషులు కావలసి వచ్చింది. ఏటా 65,000గా ఉన్న హెచ్1బి వీసాల పరిమితిని కొన్నేళ్ల పాటు 1,95,000 దాకా పెంచారు. సివిల్, మెకానికల్ చదివినవారు కూడా అమీర్‌పేటలో ఆరు నెలలు నేర్చుకుని విమానమెక్కారు. 2001లో అక్కడ మాంద్యం వచ్చేసరికి కొందరు తిరిగొచ్చారు. 2004 నుంచి ఆ పరిమితి మళ్లీ 65,000కు దిగింది.

తలుపులు మూసుకునే తీరు

ఇప్పటిదాకా తెరుచుకున్న తలుపుల గురించి చెప్పాను. మూసుకున్నవి కూడా చెప్పాలి. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. టౌన్‌షిప్ బోసిపోయింది. 2021లో అదే స్థలంలో గ్యాసుతో నడిచే కొత్త ఫ్యాక్టరీ వచ్చింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా తీసే సామర్థ్యం దానిది. పాతదాని కంటే చాలా తక్కువ మందితో నడుస్తుంది. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి, 2018లో కొత్త యాజమాన్యం కింద మళ్లీ నడిచింది. ఆ నాలుగేళ్లు కాగజ్‌నగర్ ఎలా గడిపిందో అక్కడి మన మిత్రులు చెప్పాలి.

అన్నిటికంటే పెద్ద లెక్క సింగరేణిది. 1990 ప్రాంతంలో లక్ష మందికి పైగా కార్మికులు ఏడాదికి రెండు కోట్ల టన్నుల లోపు బొగ్గు తీశారు. 2023-24లో సుమారు నలభై వేల మంది పర్మనెంట్ కార్మికులతో ఏడు కోట్ల టన్నులు తీశారు. టబ్బు నింపే చోట యంత్రం వచ్చింది, భూగర్భ గని స్థానంలో ఓపెన్‌కాస్ట్ వచ్చింది, మట్టి తీసే పని కాంట్రాక్టుకు పోయింది. గోల్డెన్ హ్యాండ్‌షేక్ పేరిట వేల మంది ముందే ఇంటికి వచ్చారు. మా బాపు వారిలో ఒకరు. ఫిల్లర్ అనే ఉద్యోగం పేరే ఈనాటి పిల్లలకు తెలియదు.

ఈ నూరేళ్లను ఒక చోట పెట్టి చూస్తే ఒక విషయం కనబడుతుంది. మన ప్రాంతంలో ప్రతి మంచి నౌకరి తలుపూ ఇరవై, ముప్పై ఏళ్లు తెరిచి ఉంది. తెరిచిన మొదటి ఐదేళ్లలో దాని సంగతి తెలిసినవారు తేలిగ్గా లోపలికి వెళ్లారు. చివరి ఐదేళ్లలో పరుగెత్తినవారు అప్పులు చేసి, ఏజెంట్లకు పైసలు పోసి, సగం మంది బయటే మిగిలారు. బలం, భూమి, వారసత్వం, కార్డు, పరీక్ష అనే తాళాలు మారుతూ వచ్చాయి. మారనిది ఒకటే, కబురు ముందు ఎవరికి చేరిందన్నది. ఉన్నోడికి కబురు ఇంట్లోనే దొరుకుతుంది. లేనోడికి బడిలోనే దొరకాలి.

అందుకే "ఏ కోర్సు" అన్న ప్రశ్నకు నేను ఒక కోర్సు పేరు చెప్పను. ఈరోజు చెప్పిన పేరు పిల్లవాడు చదువు ముగించేసరికి మారవచ్చు. లెక్కలు గట్టిగా రావాలి, ఇంగ్లిషులో చదివి అర్థం చేసుకోవాలి, చేతితో ఏదో ఒక పని నేర్వాలి. ఈ మూడూ ఉన్నవాడు తాళం మారినా తెరవగలడు. మిగిలింది కబురు. అది పిల్లల బాధ్యత కాదు, మనది.

సంఘానికి నా ప్రతిపాదన ఇదీ. స్వర్ణోత్సవానికి వసూలైన దాంట్లో స్వాగత తోరణాలకు, శాలువాలకు పోను మిగిలిన దానితో బడిలో ఒక ప్రకటనల బోర్డు పెడదాం. దానికి ఏడాది పొడవునా ఒక పూర్వ విద్యార్థి బాధ్యత తీసుకోవాలి. పాలిసెట్, ట్రిపుల్ ఐటీ, అప్రెంటిస్, సర్దార్ పరీక్ష, గేట్ ద్వారా ప్రభుత్వ సంస్థలు వేసే నోటిఫికేషన్లు, అర్హత, చివరి తేదీ తెలుగులో రాసి పెట్టాలి. ఏడాదికి నాలుగు ఆదివారాలు మనలో ఒక నర్సు, ఒక వెల్డర్, ఒక ఓవర్‌మన్, ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వచ్చి, తాను ఏం పని చేస్తున్నాడో, ఎంత జీతం వస్తున్నదో, అక్కడికి ఎలా వచ్చాడో పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పాలి. జీతం అంకె దాచకూడదు. పిల్లలకు కావలసింది ఆ అంకె, ఆ తొవ్వ.

మొదటి ఏడాది బోర్డు బాధ్యతకు నా పేరు రాసుకోండి.